తల్లిని చూసి పిల్లని

ఓక్ ట్రీ రోడ్డు మీద దొరకనిది లేదని మా ఐసెలిన్ వాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. గోంగూర కట్ట దగ్గర్నుంచి పెళ్ళి పట్టుచీర దాకా అన్నీ ఆ రోడ్డు మీదే. అక్కడ మనవాళ్ళు కొనే తీరు చూడాలి. బెండకాయ కొస విరిచి చూస్తారు. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. మామిడిపళ్ళ పెట్టెలో అడుగు వరస కూడా తీసి చూస్తేగాని డబ్బివ్వరు. ఇంత జాగ్రత్త గలవాళ్ళం ఒక్కటి కొనేటప్పుడు మాత్రం తెలివితేటలన్నీ ఇంట్లో వదిలేసి బయల్దేరతాం. అది కుక్కపిల్ల.

ఇక్కడి తెలుగు కుటుంబాల కథ ఇంచుమించు ఒక్కలాగే నడుస్తుంది. మొదట అపార్ట్‌మెంటు, పాత కరోలా. తరువాత గ్రీన్ కార్డు క్యూ, ఇల్లు, మినీవ్యాను. పిల్లలకి పదేళ్ళు వచ్చేసరికి "మనకి కుక్క ఎందుకు లేదు?" అనే ప్రశ్న వస్తుంది. మొదటి ఏడాది నవ్వేస్తాం. రెండో ఏడాది "బామ్మ వస్తోంది, ఆవిడకి మడీ ఆచారం" అని తప్పించుకుంటాం. మూడో ఏడాది లొంగిపోతాం. లొంగిపోయిన శనివారమే కారెక్కుతాం. మూడేళ్ళు వాయిదా వేసిన పని మూడు గంటల్లో అయిపోవాలి మనకి. ఆ తొందర మీద బతికే వ్యాపారం ఒకటి ఈ దేశంలో పెద్దదే ఉంది.

నేను అడగదలచుకున్న ప్రశ్న చిన్నది. కుక్కపిల్లని కొనేవాడికి దాన్ని కన్న తల్లి పట్ల ఏమైనా బాధ్యత ఉందా? ఆ తల్లిని అతను ఎన్నడూ చూడడు. దాని పేరు తెలియదు. దానికసలు పేరుందో లేదో తెలియదు. దాని బతుకు నడిచేది మాత్రం అతని డబ్బుతో.

గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో కుక్కని కొన్నవాణ్ణి నేను చూడలేదు. కుక్క దానంతటదే వచ్చేది. ఏ గడ్డివాము చాటునో పిల్లల్ని పెట్టేది. వాటిలో ఒకటి మన గుమ్మం ముందు పడుకోవడం అలవాటు చేసుకునేది. రాత్రి మిగిలిన మజ్జిగన్నం దాని వాటా. దానికి డాక్టరు లేడు, టీకాలు లేవు, పుట్టినవాటిలో సగం ఏడాది తిరక్కుండానే పోయేవి. అది స్వర్ణయుగమని నేననను. కాని ఆ పిల్ల ఏ తల్లి పిల్లో ఊరందరికీ తెలుసు. తల్లి ఆ వీధిలోనే తిరుగుతూ ఉండేది.

డబ్బిచ్చి కొనే జంతువు గేదె. అందులో మనవాళ్ళకి శాస్త్రమే ఉంది. మా తాతయ్య సంతకి వెళితే పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు, పొదుగు తడిమి చూసేవాడు. కండువా కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే దళారి మాట ఒక చెవితోనే వినేవాడు. ఒక పూట పాలు పితక్కుండా ఆపి, పొదుగు నిండుగా చూపించే మోసం ఆయనకి తెలుసు. అందుకే అమ్మేవాడి ఇంటికెళ్ళి, తన ఎదురుగా రెండు పూటలు పితికిస్తేగాని బయానా ఇచ్చేవాడు కాదు. "పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను" అనే సామెత ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. సామెతలో పిల్ల అంటే ఇంటికి తెచ్చుకునే కోడలు. అమెరికా వచ్చాక ఆ సామెత కుక్కపిల్లకి అక్షరాలా సరిపోతుందని నాకు తెలిసొచ్చింది.

ఇక్కడ కుక్కపిల్లని అమ్మేవాళ్ళు మనకి అన్నీ చూపిస్తారు, తల్లిని తప్ప. షాపులో అద్దం వెనక పిల్ల ఉంటుంది. ఇంటర్నెట్టులో పచ్చగడ్డి మీద, మెడకి రిబ్బను కట్టిన పిల్ల ఫొటో ఉంటుంది. పార్కింగ్ లాటులో వ్యాను తలుపు తెరిస్తే అట్టపెట్టెలో పిల్ల ఉంటుంది. తల్లి ఏదంటే ఎక్కడో పొలంలో ఉందంటారు, మిడ్‌వెస్ట్‌లో ఉందంటారు, మా అక్క ఇంట్లో ఉందంటారు. ఆ మాటలన్నీ అబద్ధాలు కాకపోవచ్చు. తల్లి నిజంగానే ఎక్కడో ఉంది. ఎక్కడ, ఎలా ఉందన్నదే అసలు సంగతి.

మనకి బియ్యం మిల్లు తెలుసు, పిండి మిల్లు తెలుసు. ఇక్కడివాళ్ళు "పప్పీ మిల్లు" అంటారు. ఆడకుక్క సుమారు ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. గర్భం 63 రోజులు. పిల్లలు తల్లి దగ్గర కనీసం 8 వారాలుండాలి. అంటే ఎదకొచ్చిన ప్రతిసారీ కట్టిస్తే ఆ తల్లికి ఏడాదిలో ఎనిమిది నెలలు మోయడం, పాలివ్వడంతోనే సరి. మిల్లులో జరిగేది ఇదే. కాన్పులకి పనికిరాని రోజున తల్లి పని అయిపోతుంది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 1965లో పెన్సిల్వేనియాలో పెప్పర్ అనే డాల్మేషియన్ కుక్కని ఎవరో ఎత్తుకుపోయారు. అది చివరికి న్యూయార్కులో ఒక ఆసుపత్రి ప్రయోగంలో చనిపోయింది. దేశమంతా గోల పుట్టింది. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకంతో జంతు సంక్షేమ చట్టం వచ్చింది. కుక్కల్ని పెంచి షాపులకి అమ్మే పెద్ద వ్యాపారులు వ్యవసాయ శాఖ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. నాలుగుకి మించి ఈనే జంతువులుండి, కొనేవాడు కళ్ళతో చూడకుండా ఇంటర్నెట్టులో అమ్మేవాళ్ళకి కూడా 2013 నుంచి ఈ నియమం వర్తిస్తుంది.

బోనుకి ఒక సూత్రం ఉంది. కుక్క ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా పొడవు కొలిచి, దానికి 6 అంగుళాలు కలిపి, వర్గం చేయాలి. 24 అంగుళాల కుక్కకైతే 30 అంగుళాలు పొడుగు, 30 అంగుళాలు వెడల్పు చాలు. ఎత్తు నిలబడిన కుక్క తల పైన 6 అంగుళాలు. మీ వంటింట్లో గ్యాస్ రేంజి కొలిచి చూడండి, ఇంచుమించు అంతే ఉంటుంది. అంత చోటులో ఒక తల్లిని సంవత్సరాల తరబడి పెడితే చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి "మా పెంపకందారుకి ఫెడరల్ లైసెన్సు ఉందండీ" అని షాపువాడు అన్నప్పుడు మనం భరోసా పడాల్సిందేమీ లేదు. ఆ లైసెన్సు చెప్పేది కనీసం ఎంత ఉండాలన్నదే. దయ ఉందని అది చెప్పదు.

మా పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీ ఈ మిల్లులకి చాలాకాలం పేరుమోసింది. 2008లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. పెద్ద పెంపకశాలల్లో పెద్ద కుక్కలకి ఇనపతీగల నేల ఉండకూడదంది. బోను చోటు రెట్టింపు చేసింది. ఏడాదికి రెండుసార్లు పశువైద్యుడు చూడాలంది. ఆ తరువాత అక్కడ చాలామంది పెద్ద పెంపకందార్లు దుకాణం కట్టేశారు. నేలా చోటూ డాక్టరూ ఇవ్వమంటే గిట్టుబాటు కాని వ్యాపారం, అవి ఇవ్వనప్పుడు ఎవరి ఖర్చు మీద నడిచిందో వేరే చెప్పాలా?

నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. మధ్యవర్తుల పొరలు నాకు కొత్త కాదు. పనిచేసేవాడికీ, పని చేయించుకునేవాడికీ మధ్య ముగ్గురు వెండర్లుంటే, ఒకరి మొహం ఒకరు ఎరగరు. రెజ్యూమె మాత్రం అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. కుక్కపిల్లల బేరంలోనూ అంతే. పెంపకందారు, బ్రోకరు, రవాణా వ్యాను, షాపు. అద్దం మీద అంటించిన కాగితం ఆ పిల్ల రెజ్యూమె. మా చదువులో ఒక పాఠం ఉంది. లోపల ఏం జరుగుతుందో వాడేవాడికి తెలియకుండా దాచడం మంచి ప్రోగ్రామ్ లక్షణమని నేర్పిస్తారు. నేను ఇరవయ్యేళ్ళుగా జీతం తీసుకుంటున్నది ఆ విద్యకే. కాని ప్రోగ్రాములో లోపల ఉన్నవాటికి ఆకలి లేదు. ప్రాణమున్నదాన్ని అలా తెర వెనక దాచినప్పుడు దాని బాధ్యత కూడా తెర వెనకే ఉండిపోతుంది.

మా న్యూజెర్సీ ఆ తెరని కొంచెం తొలగించాలని చూసింది. 2015 చట్టం ప్రకారం షాపులో ప్రతి బోను దగ్గరా ఆ పిల్లని పెంచినవాళ్ళెవరో, వాళ్ళ తనిఖీ నివేదికలేమిటో కొనేవాళ్ళకి కనబడాలి. కొన్ని రకాల ఉల్లంఘనలు నమోదైన పెంపకందార్ల దగ్గర షాపులు కొనకూడదు. ఆలోచన మంచిదే. అయితే 2017 ఫిబ్రవరిలో ఫెడరల్ వ్యవసాయ శాఖ ఆ తనిఖీ నివేదికల్ని తన వెబ్‌సైట్ నుంచి ఉన్నట్టుండి తీసేసింది. కాంగ్రెసు ఆదేశించాక 2020లో గాని అవి మళ్ళీ పూర్తిగా కనబడలేదు. మూడేళ్ళపాటు చూడాలనుకున్నవాడికి కూడా చూసే దారి మూసుకుపోయింది.

న్యూజెర్సీలో కొన్నవాడికి రక్షణ కూడా ఉంది. కొన్న 14 రోజుల్లో పిల్ల జబ్బుపడినా, ఆరు నెలల్లోపు పుట్టుకతో వచ్చిన లోపం బయటపడినా, పశువైద్యుడి సర్టిఫికెట్ చూపిస్తే డబ్బు వాపసు తీసుకోవచ్చు, పిల్లని మార్చుకోవచ్చు, లేదా పిల్లని ఉంచుకుని వైద్యం ఖర్చు అడగవచ్చు. ఇక్కడివాళ్ళు దీన్ని "లెమన్ లా" అంటారు. పాడు కారు అంటగట్టినవాడి మీద వాడే చట్టానికున్న పేరే ఇది. ఎడిసన్‌లో మాకు తెలిసిన ఒకాయన పార్కింగ్ లాటులో నగదిచ్చి ఒక యార్కీ పిల్లని కొన్నాడు. నాలుగో రోజున వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో వైరస్ అన్నారు. ఆరో రోజున పోయింది. అమ్మినవాడి ఫోను పనిచేయలేదు. ఆయనకి డబ్బు రాలేదన్న బాధ నాకు అర్థమవుతుంది. కాని వచ్చి ఉంటే మాత్రం? వాపసు వచ్చిన డబ్బు ఆయనకి న్యాయం చేస్తుంది. మార్చి ఇచ్చిన పిల్ల కూడా అదే తల్లి నుంచో, పక్క బోను తల్లి నుంచో వస్తుంది. కొన్నవాణ్ణి కాపాడే చట్టంలో కన్నదాని ఊసు లేదు.

ఇక్కడిదాకా చెప్పినదాంట్లో చిక్కేమీ లేదు. మోసగాడి దగ్గర కొనవద్దు అనడానికి వ్యాసం అక్కర్లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, జబ్బు పిల్ల మన చేతుల్లోనే ఉన్నప్పుడు.

మేమూ ఒక శనివారం వెళ్ళాం. ఊరు పేరు అనవసరం. నేను తల్లిని చూపించమని ముందే ఫోనులో అడిగాను, తప్పకుండా అన్నారు. తీరా వెళ్ళాక పిల్లని గేటు దగ్గరికే తీసుకొచ్చారు. జబ్బులు అంటుకుంటాయని లోపలికి ఎవర్నీ రానివ్వమన్నారు. వెనక పొడుగాటి రేకుల షెడ్డు లోంచి మొరుగుళ్ళు వినిపిస్తున్నాయి, ఒకటీ రెండూ కాదు. పిల్ల కళ్ళలో పుసి కట్టింది. పొట్ట ఉబ్బి ఉంది. మా అమ్మాయి చేతుల్లోకి తీసుకోగానే దాని చంకలో తలపెట్టి దగ్గింది. 1,200 డాలర్లు చెప్పినవాడు నా మొహం చూసి 800 అన్నాడు. మా ఆవిడ తెలుగులో మెల్లిగా అంది: "మనం తీసుకోకపోతే ఇది బతుకుతుందంటారా?"

నేను పిల్లని తిరిగి ఇచ్చేశాను. 78వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. వెనక సీట్లోంచి అమ్మాయి ఒక్కమాట అడిగింది: "నాన్నా, దాని తప్పేముంది?"

దాని తప్పేమీ లేదు. ఆ మాటే చెప్పాను. మర్నాడు ఆ రాష్ట్రంలో కుక్కల చట్టం చూసే శాఖకి, కళ్ళతో చూసినదీ చెవులతో విన్నదీ తేదీతో సహా రాసి పంపాను. కాని అమ్మాయి అడిగినదానికి అది జవాబు కాదు. జవాబు వెతకడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నా ఆలోచన ఇలా సాగింది. ఆ పిల్లకి నా మీద హక్కుంది, కాదనను. ఎదురుగా కష్టపడే ప్రాణికి దూరాన ఉన్నదాని కంటే ముందు చేయందించాలన్నది మనుషుల్లో ఉన్న మంచి గుణం. కాని నేనిచ్చే 800 డాలర్లు ఆ పిల్ల దగ్గర ఆగవు. అవి షెడ్డులోకి వెళతాయి. ఖాళీ అయిన అట్టపెట్టె అమ్మేవాడికి ఒక ఆర్డరు. అందులోని పిల్లని జాలితో కొన్నారా, సరదాకి కొన్నారా అనే గడి అతని లెక్కల పుస్తకంలో లేదు. నేను ఒక పిల్లని విడిపించానని అనుకుంటాను. అతను ఇంకో కాన్పుకి పెట్టుబడి వచ్చిందనుకుంటాడు. ఇద్దరి లెక్కలూ నిజమే. కాకపోతే అతని లెక్కే షెడ్డులో అమలవుతుంది.

హైదరాబాదు సిగ్నళ్ళ దగ్గర మత్తుగా పడుకున్న చంటిపిల్లని భుజాన వేసుకుని చెయ్యిచాపేవాళ్ళని మనమంతా చూశాం. ఇవ్వకపోతే మనసొప్పదు. ఇస్తే ఆ పిల్ల రేపు కూడా ఆ ఎండలోనే ఉంటుందేమోనన్న అనుమానం. జాలిని చూపించి సొమ్ము చేసుకోవచ్చని తెలిసినవాడికి, జాలిపడాల్సిన స్థితిలో ఉన్న ప్రాణి సరుకవుతుంది. ఇది నా ఊహ మాత్రమే కాదు. మిస్సోరిలో పెంపకందార్లు కుక్కల్ని వేలం వేసే చోట, కుక్కల్ని రక్షించే సంస్థలే విరాళాల డబ్బుతో పాడుకుంటున్నాయని 2018లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక బయటపెట్టింది. ఆ సంస్థలవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని వేలంలో పోటీకి నిలబడితే పాట పెరుగుతుంది. పాట పెరిగితే పెంపకందారుకి ఉత్సాహం పెరుగుతుంది.

"నువ్వొక్కడివి కొనకపోతే ఆగుతుందా?" అని స్నేహితులన్నారు. ఆగదు. కాని ఆ వ్యాపారాన్ని నడిపేది ఎవరో ఒక పెద్దమనిషి కాదు. ఒక్కొక్క పిల్లని ఒక్కొక్క ఇంటికి తీసుకెళ్ళే నాలాంటి ఒక్కొక్కళ్ళే. ఒక్కళ్ళ కొనుగోలు లెక్కలోకి రాదంటే ఎవరి కొనుగోలూ లెక్కలోకి రాదు. అయినా షెడ్డు నిండుగానే ఉంది.

ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు. నేను చేసింది సరైనదే అని ఇప్పటికీ అనుకుంటాను. సరైన పని చేస్తే మనసు తేలికపడాలని రూలేమీ లేదు. ఆ దగ్గు ఇప్పటికీ నాకు గుర్తుంది, గుర్తుండాలి కూడా. ఆ బరువు కూడా లేకపోతే నేను చెప్పేది వట్టి లెక్కే అవుతుంది.

ఇంకొక సంగతి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అది "జాతి" గొడవ. "ఊరకుక్క కాదండీ, జాతికుక్క" అంటాం. కాగితాలున్నాయా అని అడుగుతాం. కాగితాలు చెప్పేది తల్లిదండ్రుల పేర్లు. గోత్రం చెప్పినంత మాత్రాన ఒంట్లో జబ్బు లేదని ఎవరైనా అంటారా? 2003లో హచ్ ఫోను ప్రకటనలో ఒక పిల్లాడి వెనకే తిరిగిన పగ్ కుక్కని చూసి మన దేశంలో ఎన్ని ఇళ్ళలోకి పగ్‌లు వచ్చాయో! దాని అసలు పేరు తెలియని వాళ్ళు కూడా "హచ్ కుక్క కావాలి" అన్నారు. నొక్కుకుపోయిన ఆ ముక్కుతో అది మన ఎండల్లో ఊపిరి తీయడానికి పడే అవస్థ ప్రకటనలో కనబడలేదు. మంచు కొండల సెయింట్ బెర్నార్డుని హైదరాబాదు ఫ్లాటులో ఏసీ వేసి పెంచినవాళ్ళూ ఉన్నారు. వ్యాపారం కోసం విదేశీ కుక్కల దిగుమతిని భారత ప్రభుత్వం 2016లో ఆపేసింది. 2017లో పెంపకందార్లకి నియమాలు చేసింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, 18 నెలలు నిండని ఆడకుక్కని కట్టించకూడదు. మన ఊళ్ళల్లో కొనేవాళ్ళు ఈ మూడూ అడిగితే చాలు, సగం దుకాణాల్లో మాట తడబడుతుంది.

ఇక్కడ మన ఇళ్ళలో ఇప్పుడు డూడుల్ మోజు. బొచ్చు రాలదు, పూజగది పాడవదు అని. మొదటి లాబ్రడూడుల్‌ని 1989లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన పుట్టించాడు. హవాయిలో ఒక చూపులేని ఆవిడకి దారిచూపే కుక్క కావాలి, ఆమె భర్తకి కుక్కబొచ్చు పడదు. అంత మంచి ఉద్దేశంతో మొదలైన పని అది. తరువాత ప్రతివాడూ ఆరోగ్యం చూడకుండా పూడుల్‌ని దేనితోపడితే దానితో కలిపి అమ్ముకోవడం చూసి, అలా చేసినందుకు విచారపడుతున్నానని ఆయనే బాహాటంగా చెప్పాడు. ఫ్యాషన్ ఎటు పోతే మిల్లు అటే తిరుగుతుంది. గిరాకీ ముందు పుడుతుంది, పిల్ల తరువాత పుడుతుంది.

అయితే అసలు కొనడమే తప్పా? షెల్టర్లలో ఇల్లు కోసం ఎదురుచూసే కుక్కలుండగా డబ్బిచ్చి కొత్తదాన్ని పుట్టించడమేమిటని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో బలం ఉంది. నా సలహా అడిగితే ముందు షెల్టరుకే వెళ్ళమంటాను. కాలిఫోర్నియాలో షాపులు షెల్టరు కుక్కల్ని తప్ప అమ్మకూడదనే నియమం 2019లో వచ్చింది. న్యూయార్కులో 2024 డిసెంబరు నుంచి షాపుల్లో కుక్కపిల్లల అమ్మకమే లేదు. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని మధ్యవర్తులు అమ్మకూడదు. ఆ చట్టానికి "లూసీ చట్టం" అని పేరు. లూసీ వేల్స్‌లోని ఒక మిల్లులోంచి 2013లో బయటపడిన తల్లి కుక్క. ఇరుకు బోనులో ఏళ్ళు గడిపి దాని వెన్ను వంగిపోయింది. చట్టానికి పిల్ల పేరు కాకుండా తల్లి పేరు పెట్టారు చూశారా, ఆ దేశంవాళ్ళకి సంగతి అర్థమైందనిపించింది నాకు.

అయినా ప్రతి ఇల్లూ షెల్టరు కుక్కకి సరిపోదు. చిన్నపిల్లలు, వచ్చిపోయే పెద్దవాళ్ళు, ఫలానా స్వభావమే కావాలనుకోవడానికి న్యాయమైన కారణాలు ఉండవచ్చు. నిజాయితీగా పెంచేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మా తాతయ్య చూపు ఉంటే చాలు.

మంచి పెంపకందారు తల్లిని చూపిస్తుంది, అడక్కుండానే. పిల్లలు ఇంట్లో మనుషుల మధ్య తిరుగుతుంటాయి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినదీ విన్నదీ కుక్క స్వభావానికి పునాది కనుక అది ముఖ్యం. తల్లిదండ్రుల తుంటి ఎముకలకి, కళ్ళకి పరీక్షలు చేయించి ఉంటుంది. తుంటికి పూర్తి సర్టిఫికెట్ ఇవ్వాలంటే కుక్కకి రెండేళ్ళు నిండాలి కాబట్టి, ఏడాదిన్నర తల్లికి ఆ సర్టిఫికెట్ ఉందంటే అబద్ధం. ఆ నంబరుని ఓఎఫ్ఏ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోవచ్చు. ఆమె దగ్గర పదమూడు రకాల జాతులుండవు, ఎప్పుడూ పిల్లలు సిద్ధంగా ఉండవు. ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే తిరిగి నాకే ఇవ్వాలి అని కాగితం మీద రాయించుకుంటుంది. మాలో వీసా పోయి రెండు నెలల్లో సామాను సర్దుకోవాల్సి వచ్చినవాళ్ళెందరో ఉన్నారు కనుక ఆ షరతు విలువ నాకు బాగా తెలుసు.

అన్నిటికంటే పెద్ద గుర్తు ఇంకోటుంది. ఆమె మిమ్మల్ని ప్రశ్నలడుగుతుంది. మేము చివరికి వెళ్ళినావిడ పిల్లనిచ్చే తండ్రిలా అడిగింది. పగలు ఇంట్లో ఎవరుంటారు? పెరడుకి కంచె ఉందా? మీవాళ్ళు కుక్కని ముట్టుకుంటారా? ఇండియా ఎప్పుడు వెళతారు, ఎన్నాళ్ళుంటారు? డిసెంబరులో అయిదు వారాలకి టికెట్లు కొన్నామని చెప్పాను. "అయితే ఈ కాన్పులో మీకు పిల్ల లేదు" అంది. ఇంటికి వచ్చిన రెండు నెలలకే కొత్త మనుషుల దగ్గర వదిలేస్తారా అని అడిగింది. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. తల్లి కుక్క మాత్రం మా కాళ్ళు వాసన చూసి, వెళ్ళి తన పిల్లల పక్కన పడుకుంది. మళ్ళీ వేసవి దాకా ఆగాం. డబ్బు చేతిలో పెట్టుకుని నిలబడినవాడికి కాదని చెప్పగలిగిన మనిషి దగ్గరే ప్రాణమున్నదాన్ని కొనాలని నాకు ఆ రోజు తోచింది. "ఇవ్వాళే పట్టుకుపొండి" అనేవాడి దగ్గర బెండకాయలు కొనండి, చాలు.

మన మహాభారతం కుక్కతో ముగుస్తుందని అందరికీ తెలుసు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. ఆ కథ మనకి ఇష్టం, ఎందుకంటే అందులో కుక్క ఎదురుగా ఉంది. అదే భారతం కుక్కతో మొదలవుతుందని మాత్రం మరిచిపోతాం. ఆదిపర్వంలో జనమేజయుడి యాగశాల దగ్గరికి ఒక కుక్కపిల్ల వస్తుంది. హవిస్సుని ముట్టదు, కనీసం అటు చూడదు. రాజు తమ్ముళ్ళు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లితో చెబుతుంది. తల్లి పేరు సరమ, దేవతల కుక్క. ఆమె నేరుగా సభకి వచ్చి, నా కొడుకు చేసిన తప్పేమిటి, ఎందుకు కొట్టారని రాజుని అడుగుతుంది. కొన్ని పాఠాల్లో ఆమెకి ఎవరూ జవాబు చెప్పరు. అప్పుడు శపిస్తుంది. మీకు కనబడని వైపు నుంచి భయం వస్తుందని ఆ శాపం. కొట్టింది తమ్ముళ్ళు, ఆ దెబ్బ సంగతి రాజుకి తెలుసో తెలియదో. అయినా ఆమె వచ్చి నిలబడింది యాగం చేయిస్తున్నవాడి ముందే. ఎవరి సొమ్ముతో, ఎవరి పేరున జరుగుతోందో అతన్నే అడిగింది.

మనం ధర్మరాజులం కానక్కర్లేదు. అంత కొండ మనలో ఎవరం ఎక్కబోం. పచ్చగడ్డి మీద రిబ్బను కట్టిన పిల్ల ఫొటో చూసినప్పుడు, దాని తల్లి ఎక్కడుందని ఒక్కమాట అడిగితే చాలు. అడిగాక, జవాబు వచ్చేదాకా పర్సు తీయకుండా ఉండగలిగితే చాలు. సరమ అడగడానికి ఈ దేశంలో సభలు లేవు. రేకుల షెడ్డులోంచి ఆమె రాలేదు కూడా. ఆమె బదులు అడగవలసింది డబ్బిచ్చేవాడే.